మద్దిలపాలెంలో జన్యు సవరణ తరగతి: నాలుగు ఆదివారాల్లో మూడోదే అసలైనది

విశాఖ పోర్టులో ముప్పై ఒక్క ఏళ్ళు టాలీ క్లర్కుగా పనిచేశాను. ఓడ దిగిన పెట్టెలు లెక్కపెట్టడం, సీలు చూడడం, కాగితం మీద రాసిందీ కళ్ళెదుట ఉన్నదీ ఒకటేనా అని సరిపోల్చడం నా ఉద్యోగం. ఈ సమీక్ష కూడా ఆ లెక్కనే రాస్తున్నాను.

మద్దిలపాలెంలో ఒక శిక్షణ సంస్థ మెదడు కణాల జన్యు సవరణ మీద పెట్టిన తరగతి ఇది. రుసుము పదిహేను వందలు. కరపత్రం మీద 'పార్కిన్సన్స్‌కు జన్యు పరిష్కారం' అని పెద్ద అక్షరాలు. మా ఆవిడకు ఆరేళ్ళుగా ఆ జబ్బు ఉంది, ఆ అక్షరాలు చూసే డబ్బు కట్టాను. ఆమెనూ తీసుకువెళ్దామనుకుంటే మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ఆ సంగతి కరపత్రంలో చిన్న అక్షరాలతో కూడా లేదు.

మొదటి వారం పరిచయాలకూ, పనిచేయని ప్రొజెక్టరుకూ సరిపోయింది. రెండో వారం పాఠం చెప్పడానికి ఒక పరిశోధక విద్యార్థిని వచ్చింది. పాడేరు, అరకు వైపు కనిపించే సికిల్ సెల్ అనే రక్తకణాల జబ్బుతో మొదలుపెట్టింది. జన్యువును కత్తెరలా కోసి దిద్దే పనిముట్టును క్రిస్పర్ అంటారు, ఆ జబ్బుకు క్రిస్పర్ చికిత్సను బ్రిటన్, అమెరికా 2023లో అనుమతించాయి. మజ్జ నుంచి వచ్చే మూలకణాలను బయటికి తీసి, దిద్ది, మళ్ళీ ఒంట్లోకి ఎక్కిస్తారు. మెదడు కణాన్ని అలా బయటికి తీయలేం, అక్కడికే పనిముట్టును పంపాలి. పైగా అక్కడ అన్నీ ఒకే రకం కణాలు కావు. ఎలుక మెదడులోనే ఐదు వేలకు పైగా రకాలున్నాయని అమెరికాలోని ఆలెన్ ఇన్‌స్టిట్యూట్ 2023లో తేల్చింది. ఒక రకాన్ని దిద్దబోయి పక్క రకాన్ని చెడగొడితే?

మూడో వారం ఆ అమ్మాయి అందరికీ ఒక అగ్గిపెట్టె, ఒక బట్ట టేపు పంచింది. సెంటీమీటరుకు వంద జన్యు అక్షరాలు, అంటే డీఎన్‌ఏలో వరసగా ఉండే గుర్తులు, అని లెక్క. అగ్గిపెట్టె ఏఏవీ అనే వైరస్, పనిముట్టును మోసుకెళ్ళే ఓడ. దానిలో పట్టేది దాదాపు 4,700 అక్షరాలు, అంటే 47 సెంటీమీటర్లు. కత్తెరగా ఎక్కువగా వాడే క్యాస్9 ప్రోటీను జన్యువే 41 సెంటీమీటర్లు. వైరస్‌కు తప్పనిసరైన రెండు కొసలు కలిపి మూడు. ఇక మిగిలిన మూడింటిలో ఎక్కడ కోయాలో కత్తెరకు దారి చూపే ఆర్‌ఎన్‌ఏ, కత్తెరను ఆన్ చేసే స్విచ్చు, అన్నీ ఇరకాలి. నేను టేపు మడిచి మడిచి కుక్కాను, పెట్టె మూతపడలేదు. ఇరవై అడుగుల కంటైనర్‌లో నలభై అడుగుల సరుకు ఎక్కించమన్నట్టుంది. అప్పుడు ఆమె మరో బ్యాక్టీరియా నుంచి తీసిన చిన్న క్యాస్9 ఇచ్చింది. అది 32 సెంటీమీటర్లే. పక్కన నీలం రిబ్బను ముక్క, ఐదు సెంటీమీటర్లు. దాని పేరు ఎన్‌హాన్సర్.

ఆ నీలం ముక్క దగ్గరే నాకు విషయం వెలిగింది. వైరస్ రకరకాల కణాల్లోకి దూరుతుంది, దాన్ని పూర్తిగా ఆపలేం. కానీ ఆ ముక్క ఒక రకం కణంలోనే స్విచ్చు వేస్తుంది, మిగిలిన చోట్ల సరుకు సీలు విప్పకుండా పడి ఉంటుంది. "అంటే సరుకు అన్ని గోదాములకూ చేరుతుంది, డెలివరీ ఆర్డరు ఒక్క గోదాముకే ఉంటుంది, అంతేనా అమ్మా?" అన్నాను. "అంతే సార్, రేపటి నుంచి నేనూ అలాగే చెబుతాను" అంది.

ఓడల సంగతీ దాచలేదు. 2016లో అమెరికాలోని కాల్‌టెక్ విశ్వవిద్యాలయం వాళ్ళు రక్తం నుంచి మెదడులోకి బ్రహ్మాండంగా దాటే వైరస్‌ను తయారుచేశారు. తీరా చూస్తే అది కొన్ని జాతుల ఎలుకల్లోనే దాటుతోంది. అది పట్టుకుని లోపలికి వెళ్ళే ప్రోటీను మిగతా జాతుల్లో అక్కరకు రాదు, మనుషుల్లో అసలు లేదు. ఒక్క జెట్టీకే ఆనే ఓడ అన్నమాట.

చివర్లో మా ఆవిడ సంగతి అడిగాను. తడుముకోకుండా చెప్పింది: "ఇది ఇంకా పరిశోధనే సార్. కదలికలకు కావలసిన డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు ఈ జబ్బులో చచ్చిపోయాక వాటిలో అక్షరాలు దిద్ది లాభం లేదు. డాక్టరుగారి మందులు మాత్రం మానొద్దు." నా పదిహేను వందలూ ఆ జవాబుకే చెల్లాయి. అదే మాట కరపత్రం మీద వేసి ఉంటే బహుశా నేను వచ్చేవాడినే కాదు, అది వేరే సంగతి.

నాలుగో వారం ఆమె రాలేదు. కోటు వేసుకున్న ఒకాయన వచ్చి గంటసేపు జన్యు పరీక్షల ప్యాకేజీ అమ్మబోయాడు. నేను టీ తాగి దిగిపోయాను. టీ బాగుంది.

ఐదు నక్షత్రాలకు మూడు. మూడూ ఆ అమ్మాయివే. చేరాలనుకునేవారు ముందుగా ఫోను చేసి పాఠం ఎవరు చెబుతారో కనుక్కోండి, మోకాళ్ళ నొప్పులుంటే మెట్లు ఎన్నో కూడా అడగండి. నిర్వాహకులకు ఒక మాట: నీలం రిబ్బను ముక్క ఒకటి పొరపాటున నా జేబులో వచ్చేసింది. లెక్క తగ్గితే అది నా దగ్గరుంది.