రైల్వే గేటు తీసేస్తే ఆర్‌వోబీ మేలా, ఆర్‌యూబీ మేలా?

హైదరాబాద్‌లో సఫిల్‌గూడ, అల్వాల్ వైపు ఉంటున్న మిత్రులు కొంతకాలంగా నన్ను ఒకే ప్రశ్న అడుగుతున్నారు: ప్రభుత్వ సొమ్ముతో గేటు ఎత్తివేసేటప్పుడు పట్టాల మీదుగా ఆర్‌వోబీ (రోడ్డు వంతెన) కట్టించడం మంచిదా, కింద నుంచి ఆర్‌యూబీ (అండర్‌పాస్) తవ్వించడం మంచిదా?

రోజుకు గేటు దాటే రైళ్ల సంఖ్యను వాహన యూనిట్లతో (వాహనం రకాన్ని బట్టి వేసే లెక్క) హెచ్చవేయగా లక్ష దాటిన చోట ఆర్‌వోబీ ఖర్చును రైల్వే, రాష్ట్ర ప్రభుత్వం చెరి సగం భరించడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. ఆ లెక్కలో ద్విచక్ర వాహనం పావు యూనిట్టే కాబట్టి, బైకులే బారులు తీరే మన గేట్ల అవస్థ కాగితం మీద తక్కువగా కనిపిస్తుంది. విద్యుత్ తీగలకు చోటు వదిలి, గర్డర్ల మందం కలుపుకొంటే వంతెన సుమారు 8 మీటర్లు లేవాలి. 30 మీటర్లకు ఒక మీటరు చొప్పున ఎక్కాలంటే ఒక్కోవైపు 240 మీటర్ల అప్రోచ్ రోడ్డు (వంతెన ఎక్కే వాలు దారి), ఆ మేరకు స్థలసేకరణ తప్పవు. వంతెనలో పట్టాల మీది భాగం పూర్తయినా అప్రోచ్‌లు లేక ఏళ్ల తరబడి నిలిచిపోయే వంతెనల కథ ఇక్కడే మొదలవుతుంది.

ఆర్‌యూబీకి ఖర్చూ, కాలమూ తక్కువ. ముందే పోతపోసిన కాంక్రీటు పెట్టెలను కొన్ని గంటలు రైళ్లు ఆపి పట్టాల కట్ట కింద అమర్చవచ్చు. అయినా నన్ను వెనక్కు లాగేది వాన నీరు. గట్టి వాన పడితే లింగంపల్లి ఆర్‌యూబీ దగ్గర ఏమవుతుందో నగరంలో తెలియనివారు లేరు: బైకు ఆపి, గోడ మీద తడి ఎంతవరకు పాకిందో చూసి, ముందు వెళ్లిన ఆటో అవతల తేలిందో లేదో కనిపెట్టి గాని ఎవరూ దిగరు. నిర్మాణానికి ఒకసారి నిధులిస్తే సరిపోతుంది. చేరిన నీటిని తోడే మోటారు కరెంటు బిల్లు, ఆ నీరు చేరే సంపులో పూడికతీత మాత్రం ఏటా ఎవరో ఒకరి పద్దులో ఉండాలి. మోటారు అవసరం లేకుండా నీరు నాలాలోకి జారిపోయే వాలు ఉన్నచోట ఆర్‌యూబీకి నా అభ్యంతరం లేదు. లేనిచోట ఆలస్యమైనా ఆర్‌వోబీయే నయం.

గేటునే ఉంచి సిగ్నల్‌తో ఇంటర్‌లాకింగ్ చేయడం, అంటే గేటు మూసుకుంటే గాని రైలుకు సిగ్నల్ పడకుండా ముడిపెట్టడం, మూడో దారి. మెదక్ జిల్లా మాసాయిపేటలో 2014లో బడి బస్సును రైలు ఢీకొన్నది కాపలా లేని గేటు దగ్గర. బ్రాడ్‌గేజ్ (వెడల్పు పట్టాల) మార్గాలపై అలాంటి గేట్లు 2019 జనవరికల్లా పోయాయి. ఇంటర్‌లాకింగ్ ప్రమాదాన్ని తగ్గిస్తుంది గాని నిరీక్షణను తగ్గించదు.

ఆర్‌వోబీ కోరేవారు ఒక షరతు పెట్టాలి. వంతెన తెరవగానే గేటు శాశ్వతంగా మూతపడుతుంది. కూరగాయల సంచీతో అవతలికి పోవలసిన పెద్దావిడ అర కిలోమీటరు వంతెన ఎక్కదు, పట్టాలే దాటుతుంది. పాదచారుల దారి ఖర్చును అదే అంచనాలో, మొదటి మంజూరులోనే చేర్పించాలి.