36 ఏళ్లుగా వింటున్న నాటకం: ‘మై ఫెయిర్ లేడీ’ 1956 రికార్డు

ముందు వస్తువు గురించి చెప్తాను. 12 అంగుళాల ఎల్పీ రికార్డు, మోనో, అంటే శబ్దమంతా ఒకే ధారగా వస్తుంది. ‘మై ఫెయిర్ లేడీ’ అనే పాటల నాటకాన్ని బ్రాడ్వేలో, అంటే న్యూయార్క్ పెద్ద నాటకశాలల్లో, మొదట ఆడిన నటులే పాడిన రికార్డు. 1956 ఏప్రిల్‌లో కొలంబియా కంపెనీ విడుదల చేసింది. నా దగ్గరున్నది 1989లో న్యూజెర్సీలో మా ఊరి లైబ్రరీ వాళ్లు పాత పుస్తకాలు అమ్మేస్తుంటే పావు డాలరు పెట్టి కొన్నది. అప్పుడు నాకు 11 ఏళ్లు. అట్ట మీద లైబ్రరీ ముద్ర ఇంకా ఉంది. ఇన్నేళ్లలో మూడు ప్లేయర్లు మారాయి, ముళ్లు చాలా మారాయి. రికార్డు అదే.

కొన్నది బొమ్మ చూసి. మబ్బుల్లో గడ్డం ముసలాయన కూర్చుని దారాలు పట్టుకుని ఒక మనిషిని ఆడిస్తుంటాడు, ఆ మనిషి మళ్లీ దారాలతో ఒక అమ్మాయిని ఆడిస్తుంటాడు. నేను ఆ ముసలాయన్ని దేవుడనుకున్నాను. అట్ట వెనక చదివి నాన్న చెప్పాడు, ఆయన బెర్నార్డ్ షా అని, ఈ కథకి మూలమైన ‘పిగ్మాలియన్’ నాటకం ఆయనదేనని. “సూత్రధారి అంటారే, ఇదిగో, సూత్రం పట్టుకుని కూర్చున్నాడు చూడు” అన్నాడు. బొమ్మ గీసినాయన ఆల్ హిర్ష్‌ఫెల్డ్. బ్రాడ్వే నటుల బొమ్మలు దశాబ్దాల పాటు గీసిన మనిషి.

కథ తెలియని వాళ్లకి రెండు ముక్కల్లో: లండన్ వీధుల్లో పూలమ్ముకునే ఎలైజా. మనుషుల మాట విని ఏ పేట వాళ్లో చెప్పగల ప్రొఫెసర్ హిగ్గిన్స్. ఆరు నెలల్లో ఈమె యాస మార్చి పెద్దింటి దొరసానిగా నిలబెడతానని ఆయన పందెం. పాటలకి మాటలు ఆలన్ జే లెర్నర్, సంగీతం ఫ్రెడరిక్ లో.

ఈ కథ మా ఇంట్లోకి ఎలాంటి సమయంలో వచ్చిందో చెప్పాలి. అమ్మ అప్పుడే ఒక ఆఫీసులో ఉద్యోగంలో చేరింది. ఫోన్లో అవతలి వాళ్లు “మళ్లీ చెప్పండి” అన్న ప్రతిసారీ అమ్మకి టెన్షన్. మనకున్న ‘వ’ ఒక్కటే, వాళ్లకి రెండు. కింది పెదవిని పై పళ్లకి ఆనించి ఒకటి, పెదవులు సున్నాలా చుట్టి ఒకటి. రాత్రి అన్నాలయ్యాక అమ్మ అద్దం ముందు నిలబడి ఆ రెండూ పలికేది. ఇటు రికార్డులో ఎలైజాకి ‘హ’ పలకదు, ‘ఏ’ అనాల్సిన చోట ‘ఐ’ వస్తుంది. హిగ్గిన్స్ ఆమెని నిద్రపోనివ్వడు, ఒకే వాక్యం వందసార్లు చెప్పిస్తాడు.

ఎలైజా ఒళ్లు మండి, ఆయన లేనప్పుడు ఆయన్ని తిడుతూ పాడే పాట ఒకటుంది. నీకు జబ్బు చేస్తుంది చూడు, రాజుగారు నీ తల తీయిస్తారు చూడు అంటూ. వంటింట్లోంచి అమ్మ వచ్చి “ఏమంటోందే ఆ అమ్మాయి?” అని అడిగింది. చెప్పాను. గరిటె పట్టుకునే అక్కడ కూర్చుండిపోయింది. ఆ రోజు నుంచీ మా ఇంట్లో దాని పేరు ‘తిట్ల పాట’. అమ్మకి ఇంగ్లిష్ పాటల్లో మొదట కంఠతా వచ్చింది అదే.

నాన్నది తెనాలి. వాళ్ల ఇంట్లో గ్రామఫోను ఉండేది, రాయబారం పద్యాల ప్లేట్లు ఉండేవి. నాటకం చూడకముందే పద్యాలన్నీ నోటికొచ్చేశాయట. అందుకే పిల్ల ఒక్కతీ కూర్చుని చూడని నాటకాన్ని గంటల తరబడి వినడం నాన్నకి వింత అనిపించలేదు. నేను ఒకే పాట మళ్లీ మళ్లీ పెడుతుంటే “వన్స్‌మోర్ కొడుతున్నావా?” అనేవాడు. పద్య నాటకాల్లో జనం వన్స్‌మోర్ అని అరిస్తే కృష్ణుడు యుద్ధం సంగతి పక్కన పెట్టి అదే పద్యం మళ్లీ అందుకునేవాడు కదా.

రికార్డులో ప్రొఫెసర్‌గా వినిపించే రెక్స్ హారిసన్ గాయకుడు కాదు. సగం మాట, సగం పాట. కొన్నేళ్ల పాటు ఈయనకి పాడటం రాదని నేను విసుక్కునేదాన్ని. నాన్న ఒకసారి విని, “ఈయన పద్యం చదువుతున్నాడు, ఆ అమ్మాయి పాడుతోంది, అంతే తేడా” అన్నాడు. మనకి పద్యం చదవడం వేరు, పాడటం వేరు. అలా విన్నాక హారిసన్ నాకు వినిపించడం మొదలైంది. ఎక్కడ మాట ఆపాడు, ఏ అక్షరం మీద బరువు వేశాడు, ఆర్కెస్ట్రా కంటే అర క్షణం వెనక ఎలా నడిచాడు, ఇవన్నీ. ఫ్రాన్జ్ అల్లర్స్ నడిపిన ఆర్కెస్ట్రా ఆయన్ని ఎంత జాగ్రత్తగా అంటిపెట్టుకుని నడిచిందో కూడా తర్వాతే గమనించాను.

ఎలైజా జూలీ ఆండ్రూస్. అప్పటికి ఆమె వయసు 20. ఈ రికార్డుకి నేను అన్నిటికంటే ఎక్కువ రుణపడింది ఇక్కడే. 1964లో సినిమా తీసినప్పుడు ఎలైజా వేషం ఆడ్రీ హెప్బర్న్‌కి వెళ్లింది, పాటల్లో చాలావరకు మార్నీ నిక్సన్ గొంతు పెట్టారు. సినిమా చూసి నచ్చిన వాళ్లతో నాకు గొడవ లేదు. కానీ ఆ వేషాన్ని పుట్టించిన గొంతు ఈ నల్ల పళ్లెంలో ఉంది. మొదట్లో గరుకుగా, ముక్కుతో పలికే పిల్ల, రెండో వైపు చివరికొచ్చేసరికి ఎవరి ముందూ తగ్గని మనిషి. మధ్యలో మారింది యాస ఒక్కటే కాదు, ఊపిరి తీసుకునే తీరు కూడా. బొమ్మ లేదు కాబట్టే అది అంత స్పష్టంగా చెవికి తెలుస్తుంది.

దీన్ని చేసిన పద్ధతి తెలిశాక ఇష్టం ఇంకా పెరిగింది. నాటకం మార్క్ హెలింగర్ థియేటర్‌లో 1956 మార్చి 15న మొదలైంది. రికార్డు చేసింది మార్చి 25న. అది ఆదివారం, ఆట ఉండేది కాదు. అప్పట్లో బ్రాడ్వే అలవాటు అదే: నాటకం మొదలైన కొద్ది రోజులకే ఆదివారం అందరినీ స్టూడియోకి పిలిచి ఒక్క రోజులో పని ముగించడం. స్టూడియో మన్‌హాటన్ 30వ వీధిలో ఉండేది. పాత చర్చిని కొలంబియా వాళ్లు స్టూడియోగా మార్చుకున్నారు. పైకప్పు చాలా ఎత్తు, గొంతు ఆగిపోయాక కూడా గాలిలో కాసేపు ఉంటుంది. జాజ్ సంగీతకారుడు మైల్స్ డేవిస్ ఆల్బమ్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ కూడా అక్కడే పుట్టింది. ఆ భవనం ఇప్పుడు లేదు. మార్చి 25న పాడింది ఏప్రిల్ మొదటి వారంలో కొట్లలోకి వచ్చేసింది. నిర్మాత గాడర్డ్ లీబర్సన్. ఈ నాటకానికి పెట్టుబడి పెట్టింది కూడా ఆయన పనిచేసే కంపెనీ సీబీఎస్సే, కొలంబియా దానిదే. ఆల్బమ్ అమెరికాలో బాగా అమ్ముడయ్యే రికార్డుల బిల్‌బోర్డ్ పట్టికలో 480 వారాలు ఉంది.

నాటకం మొదలైన పది రోజులకే రికార్డు చేశారన్న లెక్క నాకు ముఖ్యం. నటులు వేషంలో ఇంకా కుదురుకోలేదు, జనం చప్పట్ల వేడి మాత్రం తగిలింది. గొంతుల్లో ఒక తొందర ఉంటుంది. దీనికి రుజువు అడిగితే లండన్ రికార్డు వినమంటాను. 1958లో నాటకం లండన్ వెళ్లింది. 1959లో అక్కడ హారిసన్, ఆండ్రూస్, ఎలైజా తండ్రిగా స్టాన్లీ హాలోవే, కల్నల్ పికరింగ్‌గా రాబర్ట్ కూట్, ఆ నలుగురితోనే స్టీరియోలో మళ్లీ రికార్డు చేశారు. శబ్దం చాలా బాగుంటుంది, గుంపు పాటల్లో మనుషులు ఎడమా కుడీ విడివిడిగా నిలబడినట్టు వినిపిస్తారు. కానీ హారిసన్ అప్పటికి ఆ మాటలు వందల రాత్రులు చెప్పేశాడు. ఎక్కడ నవ్వొస్తుందో ఆయనకి ముందే తెలుసు. కోపం కూడా ఇస్త్రీ చేసినట్టుంటుంది. 1956లో అది నిజంగా కోపం. నేను రెండూ కొన్నాను, 1959ది ఏడాదికి ఒకసారి వింటానేమో.

కొనాలనుకునే వాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోండి. రెండిటి అట్ట మీదా ఆ హిర్ష్‌ఫెల్డ్ బొమ్మే. పాత రికార్డుల కొట్లో అట్ట మీద స్టీరియో అని కనిపిస్తే అది లండన్‌ది. బ్రాడ్వేది మోనో మాత్రమే.

లోపాలు చెప్పకపోతే సమీక్ష కాదు. ఎల్పీలో ముల్లు లోపలికి వెళ్లేకొద్దీ గాడి చుట్టు చిన్నదవుతుంది, ఒక్కో చుట్టు తిరిగే సమయం మాత్రం అంతే. అందుకని చివరి పాట దగ్గర శబ్దం కాస్త చిరిగినట్టు వస్తుంది. ఈ రికార్డులో ఆ చోట ఉన్నది హిగ్గిన్స్ ఒంటరిగా, ఆమె ముఖానికి అలవాటు పడిపోయానని ఒప్పుకునే పాట. అన్నిటికంటే నెమ్మదైనది అదే, అరిగిపోయిన గాడిలో పడింది కూడా అదే. మంచి మోనో ముల్లు పెట్టాక బాగా తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. ఇక నా కాపీలో హాలోవే పాట మధ్య ఒక గీత ఉంది, అక్కడ రెండు మాటలు ఎగిరిపోతాయి. 1993లో రిచర్డ్ చాంబర్‌లేన్ హిగ్గిన్స్‌గా బ్రాడ్వేలో ఈ నాటకం మళ్లీ వేసినప్పుడు నాన్న తీసుకెళ్లాడు. ఆ పాట వచ్చినప్పుడు ఆ చోట ఎగరడం కోసం నా ఒళ్లంతా ఎదురుచూసింది. ఎగరలేదు. నాలుగేళ్లుగా తెలిసిన పాటలో రెండు కొత్త మాటలు విన్నాను.

నాటకం మొత్తం రికార్డులో లేదు, అది కూడా తెలుసుకోవాలి. ఎలైజా పరీక్షకి నిలబడే ఆ పెద్ద విందు ఇందులో వినిపించదు. దాని తర్వాత ఇంటికొచ్చి మగవాళ్లు ఒకరినొకరు మెచ్చుకునే పాట మాత్రమే ఉంది. గెలిచింది ఆమె, పొగడ్తలు వాళ్లకి. ఆ పాటలో ఎలైజా నోరు విప్పదు. చిన్నప్పుడు నేను స్పీకర్ దగ్గర చెవి పెట్టి ఆమె గదిలో ఏ మూల నిలబడి ఉంటుందా అని వెతికేదాన్ని. విందు నేనే కట్టుకున్నాను, దీపాలూ మెట్లూ అన్నీ. తర్వాత స్టేజీ మీద చూసిన విందులేవీ దాన్ని చెరపలేదు.

ఇది వచ్చాక ఇంట్లోకి చాలా రికార్డులు వచ్చాయి. 1964 ‘ఫిడ్లర్ ఆన్ ది రూఫ్’ నాన్న సొంతమైపోయింది. జీరో మోస్టెల్ పాలమ్ముకునే తండ్రి, పెళ్లికెదిగిన కూతుళ్లు. నాన్నకి ఇద్దరం కూతుళ్లమే మరి. 1943 ‘ఓక్లహోమా!’ 78ల సెట్టు, అంటే ఎల్పీలకి ముందు నాటి ప్లేట్లు, కూడా సంపాదించాను, నాటకం ఆడిన నటులతోనే రికార్డు చేసే ఈ సంప్రదాయం బలంగా నిలబడింది దానితోనే. 1964 ‘ఎనీవన్ కెన్ విజిల్’ గురించి మాత్రం ఒక మాట చెప్పి తీరాలి. ఆ నాటకం తొమ్మిది ఆటలకే మూతపడింది. మూతపడ్డాక కూడా లీబర్సన్ నటులందరినీ స్టూడియోకి పిలిచి రికార్డు చేయించాడు. సెట్లు విప్పేసిన నాటకాన్ని ఆ రోజు వాళ్లు పాడిన తీరు వింటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. స్టీఫెన్ సోండ్‌హైమ్ పాటలవి. ఆ ఒక్క రోజు పని చేయకపోయి ఉంటే ఆ గొంతులతో మనకి దక్కేవి కావు.

ఫోన్లో ఇప్పుడివన్నీ దొరుకుతాయి, నేనూ రైల్లో వింటాను. పాటల వరస కలిపేసే బటన్ మాత్రం నొక్కకండి. ఓవర్చర్, అంటే తెర లేచే ముందు వాయించే సంగీతం, నుంచి మొదలుపెట్టి వరసగా వినండి. నేను ఒకసారి కొన్న సీడీలో గరగర తీసేసే పనిలో ఊపిరి శబ్దాలు కూడా తీసేశారు. అది ఎవరికో ఇచ్చేశాను.

చిన్నప్పుడు అమ్మకీ నాకూ ఒక వాదన ఉండేది. చివరికి ఎలైజా ఆయన దగ్గరికి తిరిగొచ్చిందా? చివరి పాట మాటల్లో ఆ సంగతి ఎక్కడా లేదు. సంగీతం మాత్రం చివర్లో పెద్దగా లేస్తుంది, అందుకని నేను వచ్చిందనేదాన్ని. అమ్మ రాలేదనేది. “అంత కష్టపడి నేర్చుకున్న పిల్ల మళ్లీ ఆ ఇంటికెందుకొస్తుంది?” అనేది. షా కూడా అమ్మ పక్షమేనని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఆమె తనని ప్రేమించే కుర్రాడు ఫ్రెడీని పెళ్లి చేసుకుంటుందని ఆయన ‘పిగ్మాలియన్’కి చివర విడిగా రాశాడు.

2018లో న్యూయార్క్‌లో లింకన్ సెంటర్ థియేటర్ వాళ్లు ఈ నాటకం వేస్తే అమ్మని తీసుకెళ్లాను. చివరి సన్నివేశంలో ఎలైజా వచ్చింది, ఆయన చెంప మీద చెయ్యి వేసింది, వెనక్కి తిరిగింది. స్టేజీ దిగి ప్రేక్షకుల మధ్యనుంచి నడుచుకుంటూ వెళ్లిపోయింది. అమ్మ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని, ఆమె తలుపు దాటేదాకా మెడ తిప్పి చూసింది.

కారులో ఏమీ మాట్లాడలేదు. ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూనే తిట్ల పాట పెట్టమంది. పెట్టాను. అయిపోగానే “వన్స్‌మోర్” అంది.