పజిల్ గేమ్ ప్లేటెస్ట్‌లకు ఓబీఎస్ స్టూడియో: చాలాకాలం వాడాక

ఇండీ (చిన్న స్వతంత్ర బృందాలు చేసే) పజిల్ అడ్వెంచర్ గేమ్‌ని విడుదలకు ముందు ఆడి అభిప్రాయం చెప్పేవాళ్లలో ఎక్కువమంది ఆట ముగిశాక ఫారం నింపుతారు. "మూడో గది కష్టంగా ఉంది" అని రాస్తారు. ఆ ముక్కతో డెవలపర్ చేయగలిగింది ఏమీ లేదు. పజిల్ విడిపోయిన మరుక్షణం, అంతకుముందు దాని గురించి ఏమనుకున్నామో మనకే గుర్తుండదు. డెవలపర్‌కి కావలసింది సరిగ్గా అదే. పైగా ఒక పజిల్‌ని కొత్తగా చూసే అవకాశం ఎవరికైనా ఒక్కసారే. అందుకే మొదటి ఆటనే, మనసులో మెదిలేది పైకి చెబుతూ, రికార్డు చేయాలంటాను. ఆ పనికి నేను నమ్మేది ఓబీఎస్ స్టూడియోనే. తెరను, శబ్దాన్ని రికార్డు చేసే ఈ సాఫ్ట్‌వేర్ ఉచితం, ఓపెన్ సోర్స్, వీడియో మీద వాటర్‌మార్క్ పడదు.

ఇందులో నాకు అన్నిటికన్నా విలువైనది ఆడియోని విడివిడి ట్రాకుల్లో దాచుకోగలగడం. సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్ మోడ్‌ని అడ్వాన్స్‌డ్‌కి మార్చి, రికార్డింగ్ ట్యాబ్‌లో 1, 2, 3 ట్రాకులకు టిక్ పెట్టాలి. తర్వాత అడ్వాన్స్‌డ్ ఆడియో ప్రాపర్టీస్‌లో ఆట శబ్దాన్ని 1, 2 ట్రాకులకూ, మైక్‌ని 1, 3 ట్రాకులకూ ఇవ్వాలి. చాలా ప్లేయర్లు మొదటి ట్రాకునే వినిపిస్తాయి కాబట్టి అందులో రెండూ ఉండాలి. శబ్దమే ఆధారమైన పజిల్‌లో మన మాటల కింద గంట మోత మునిగిపోతే, ఆ క్లూ నిజంగా వినబడేంత గట్టిగా ఉందో లేదో ఎవరూ తేల్చలేరు. హెడ్‌ఫోన్లు పెట్టుకోకపోతే ఆట శబ్దం మైక్‌లోకి దూరి ఈ శ్రమంతా వృథా.

వీడియో బొమ్మకు 720పీ, సెకనుకు 30 ఫ్రేములు, 2500 కేబీపీఎస్ బిట్‌రేట్ చాలు. మూడు ట్రాకులతో కలిపి గంటకు సుమారు 1.3 జీబీ అవుతుంది. ఆటలో చిన్న అక్షరాల ఉత్తరాలు, మ్యాపులు ఉంటే మాత్రం 1080పీ పెట్టండి.

ఫైల్ ఫార్మాట్ దగ్గర జాగ్రత్త. మామూలు ఎమ్‌పీ4 తన సూచికను రికార్డింగ్ ఆపినప్పుడు రాస్తుంది. పూర్తికాని బిల్డ్ (పరీక్షకు ఇచ్చిన ఆట వెర్షన్) సిస్టమ్‌నే స్తంభింపజేస్తే ఆ ఫైల్ ఇక తెరుచుకోదు. ఎమ్‌కేవీకి ఆ బెడద లేదు. ఓబీఎస్ 30.2 వెర్షన్‌లో వచ్చిన హైబ్రిడ్ ఎమ్‌పీ4కీ లేదు. పైగా దానిలో చాప్టర్ మార్కర్‌కి, అంటే వీడియోలో ఒక చోటును గుర్తించే గుర్తుకి, హాట్‌కీ (ఒక్క నొక్కుతో పనిచేసే మీట) పెట్టుకోవచ్చు. చిక్కుకున్నామని అనిపించినప్పుడు ఒకసారి, విడిపోయినప్పుడు ఒకసారి నొక్కితే డెవలపర్ గంటల వీడియో వెతుక్కోనక్కర్లేదు.

తెర నల్లగా వస్తే ముందు రెండు కారణాలు చూడండి. ఆట అడ్మినిస్ట్రేటర్‌గా నడుస్తుంటే ఓబీఎస్‌ని కూడా అలాగే తెరవాలి. రెండు గ్రాఫిక్స్ చిప్‌లున్న ల్యాప్‌టాప్‌లో డిస్‌ప్లే క్యాప్చర్ (మొత్తం తెరను రికార్డు చేసే పద్ధతి) వాడుతుంటే, తెరను నడిపే చిప్ మీదే ఓబీఎస్ కూడా నడవాలి.

పరికరం తీర్చలేని ఇబ్బంది ఒకటుంది. పైకి మాట్లాడుతూ ఆలోచిస్తే ఆలోచన దారి మారవచ్చు, పట్టే సమయమూ మారవచ్చు. కాబట్టి మాట్లాడుతూ ఆడిన గదిలో ఎన్ని నిమిషాలు పట్టిందన్నది నమ్మదగ్గ లెక్క కాదు. ఆ సంగతి నివేదికలో రాయాలి. మాట్లాడేటప్పుడు కూడా పరిష్కారాలు సూచించడం కన్నా ఊహను చెప్పడం మేలు. "చక్రానికి రంగు మార్చండి" అనొద్దు. "చక్రం గోడ రంగులోనే ఉంది, అలంకారం అనుకుని వదిలేశాను" అనాలి. రంగు మార్చాలా, వెలుతురు పెంచాలా అన్నది వాళ్లు చూసుకుంటారు.

సాఫ్ట్ లాక్‌లకు, అంటే ఆట ఆగిపోకుండానే ముందుకు దారి మూసుకుపోయే స్థితికి, వీడియో ఒక్కటే సరిపోదు. దిమ్మెను మూలకు నెట్టేశాక వెనక్కి లాగే వీలు లేదని తెలిసిన వెంటనే, కొత్తగా సేవ్ అవ్వకముందే, సేవ్ ఫైల్ కాపీ తీయండి. బిల్డ్ నంబర్, వీడియోలో నిమిషం, చేసిన పనుల వరుస జతచేయండి. యూనిటీ గేమ్ ఇంజిన్‌తో చేసిన ఆటైతే విండోస్‌లో యాప్‌డేటా లోపలి LocalLow ఫోల్డర్‌లో ప్లేయర్ లాగ్ (ఆట నడిచిన తీరు నమోదయ్యే ఫైల్) ఉంటుంది. ఆటను మళ్లీ తెరవకముందే దాన్నీ పక్కన పెట్టుకోండి.