తిండి కబుర్లతో ఇంగ్లీషు: ఏడాదిన్నర వాడి చూశాక

మాది గుంటూరు. మిర్చి ఎగుమతి చేసే ఒకాయన దగ్గర లెక్కలు చూస్తాను. ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది, పదో తరగతి నుంచీ మార్కులు కూడా బాగానే వచ్చేవి, కానీ బయటి దేశం నుంచి ఫోన్ వస్తే మాత్రం టెన్షన్‌తో గొంతు ఎండిపోయేది. ఒక కోచింగ్ సెంటర్‌లో 8,000 రూపాయలు కట్టి మూడు నెలలు వెళ్లాను. రోజూ టెన్సుల పట్టికలు, సెల్ఫ్ ఇంట్రడక్షన్ బట్టీ పట్టించారు. ఆఫీసులో వాటిలో ఒక్క వాక్యం అవసరపడలేదు.

అప్పట్లోనే ఒక ఇంగ్లండ్ బయ్యరు, ఇంకెవరో చెప్పిన తక్కువ రేటు గురించి మాట్లాడుతూ, దాన్ని 'విత్ ఎ పించ్ ఆఫ్ సాల్ట్' తీసుకుంటానన్నాడు. మిరపకాయల బేరంలో ఉప్పు ఎందుకొచ్చిందో తెలియక, మన కారంలో ఉప్పు కలుపుతారా అని అడుగుతున్నాడనుకుని, మేం ఏమీ కలపమండీ అని గట్టిగా చెప్పాను. అవతల కాసేపు మాట లేదు. ఆ రాత్రి అన్నం తింటూ ఇంట్లో చెబితే వదిన, "చెప్పిందంతా నమ్మేయకుండా కాస్త ఆలోచించి నమ్మడం అని దానర్థం" అంది. వదిన, అన్నయ్య తొమ్మిదేళ్లు ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఉండి వచ్చారు. "రేపట్నుంచి రాత్రి భోజనమయ్యాక అరగంట నాతో ఇంగ్లీషులో మాట్లాడు. ఏం తిన్నావో అదే చెప్పు, ఇంకేం వద్దు" అని కూడా తనే అంది. అలా మొదలై ఏడాదిన్నరైంది, పండగలకీ జ్వరాలకీ తప్ప ఆపలేదు.

ఇది నాకెందుకు పనిచేసిందో నాకు బాగా తెలుసు. రాజకీయాల మీద ఇంగ్లీషులో మాట్లాడమంటే ముందు ఏం చెప్పాలో వెతుక్కోవాలి, ఆ తర్వాత ఎలా చెప్పాలో వెతుక్కోవాలి, ఈలోపు నోరు మూతపడిపోతుంది. అదే పచ్చడిలో ఉప్పు తక్కువైందన్న సంగతి నాలుక ముందే చెప్పేస్తుంది, ఇక వెతకాల్సింది మాట ఒక్కటే. పైగా రోజుకి మూడు పూటలు తింటాం కాబట్టి అవే మాటలు మళ్లీ మళ్లీ వస్తాయి, బట్టీ పట్టకుండానే ఉండిపోతాయి.

మొదటి రోజు గోంగూర పచ్చడి. 'ఇట్ ఈజ్ హాట్' అన్నాను. "వేడిగా ఉందా, కారంగా ఉందా?" అని వదిన అక్కడే ఆపింది. మనకి రెండు మాటలుంటే వాళ్లకి హాట్ రెండిటికీ సరిపోతుంది, అందుకే కారానికి స్పైసీ అంటే గొడవ ఉండదు. పులుపుకి సవర్, ఆ పులుపు కమ్మగా తగిలితే టాంగీ. ఆ ఒక్క పచ్చడి మీదే నాలుగు రోజులు మాట్లాడుకున్నాం, ఆకు వలవడం దగ్గర్నుంచి తాళింపు దాకా.

అన్నిటికన్నా నాకు ఎక్కువ ఉపయోగపడింది 'వెరీ'కీ 'టూ'కీ ఉన్న తేడా. రెండూ 'చాలా' అనే అనుకునేవాణ్ణి. కాదు, టూ అంటే 'మరీ'. తేజ రకం మిర్చి గురించి బయ్యరు వెరీ హాట్ అన్నాడంటే మెచ్చుకున్నట్టు, టూ హాట్ అన్నాడంటే తనకి పనికిరానంత ఘాటని చెబుతున్నట్టు. ఇన్నేళ్లు ఎన్ని ఫోన్లలో దీన్ని తప్పుగా విన్నానో అనిపించింది. ఇప్పుడు టూ అన్న మాట వినపడగానే, అయితే ఘాటు తక్కువుండే సన్నం రకం శాంపిల్ పంపమంటారా అని నేనే అడుగుతున్నాను.

కూరగాయల పేర్లు కూడా అంత తేలిక కాదు. మనం బ్రింజాల్ అనే వంకాయ బ్రిటన్‌లో ఆబర్జీన్, అమెరికాలో ఎగ్‌ప్లాంట్. వదిన లీడ్స్ వెళ్లిన కొత్తలో పక్కింటావిడతో సాంబారులో డ్రమ్‌స్టిక్స్ వేశానంటే ఆవిడ కోడికాళ్లనుకుందట, మునక్కాయ అక్కడి వాళ్లకి తెలియదు కదా. మా వ్యాపారంలో పెప్పర్ అన్న మాట మరీ జాగ్రత్తగా వాడాలి, అది మిరియమూ కావచ్చు, క్యాప్సికమూ కావచ్చు. తినడానికి ఈట్ కన్నా హ్యావ్ ఎక్కువ వాడతారని, 'ఐ టుక్ టిఫిన్' కాదు 'ఐ హ్యాడ్ బ్రేక్‌ఫాస్ట్' అనాలని నేర్చుకున్నాక చాలా వాక్యాలు వాటంతటవే సర్దుకున్నాయి.

జాతీయాల దగ్గరికొస్తే, వాటిని విడిగా నేర్చుకోలేదు, మన సామెతల పక్కన పెట్టుకుని నేర్చుకున్నాను. పుండు మీద మనం కారం చల్లితే వాళ్లు ఉప్పు రుద్దుతారు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడు వాళ్ల దగ్గర అన్నం పెట్టిన చేతినే కరుస్తాడు. మనకి నల్లేరు మీద బండి నడక, వాళ్లకి పీస్ ఆఫ్ కేక్. అందని ద్రాక్ష మాత్రం ఇద్దరికీ పులుపే, ఈసపు నక్క ఒకటే కాబట్టి. కానీ అన్నీ ఇలా జత కుదరవు. 'నీ పప్పులు ఉడకవు' అన్నదాన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులోకి మార్చి చెబితే వదిన, "అలా అంటే వంటింట్లో గ్యాస్ అయిపోయిందనుకుంటారు" అంది. దానికి బ్రిటన్‌లో 'దట్ వోంట్ వాష్' అంటారు, అందులో తిండి ఊసే లేదు.

లోపాలు చెప్పకపోతే ఇది సమీక్ష కాదు. మొదటి ఆర్నెల్లు నేర్చుకున్న ప్రతి జాతీయాన్నీ ప్రతి ఫోన్‌లో వాడేసేవాణ్ణి, అది తప్పు. మామూలు మాటల్లో వాళ్లు అంతగా వాడరని వదిన చెబుతూనే ఉంది. వాడటం కన్నా విన్నప్పుడు అర్థం కావడమే ముఖ్యం. రెండోది, పక్కన తప్పు చెప్పే మనిషి ఉండాలి. మా స్నేహితుడొకడు విజయవాడలో రూమ్మేటుతో ఇదే మొదలుపెట్టాడు, ఇద్దరికీ ఒకే తప్పులు వచ్చు కాబట్టి అవే గట్టిపడ్డాయి. ధైర్యం మాత్రం వచ్చిందన్నాడు, అదీ తక్కువేం కాదు.

మూడోది, రాయడం దీనితో రాదు. ఫోన్‌లో ఇప్పుడు ఇరవై నిమిషాలు తడబడకుండా మాట్లాడతాను కానీ సరుకు ఆలస్యమైందని మెయిల్ రాయాలంటే ఇప్పటికీ పాత మెయిళ్లు ముందేసుకుని కూర్చోవాల్సిందే. అందుకని పోయిన నెల నుంచి వారానికొక వంట విధానం రాసి వదినకి చూపిస్తున్నాను. మొన్న రాసింది చేపల పులుసు. 'సిమ్మర్', అంటే సన్న సెగ మీద ఉడికించడం, అనాల్సిన చోట 'బాయిల్' అని రాశాను, ఎర్ర పెన్నుతో కొట్టేసి, "చేప ముక్క చితికిపోతుంది" అని పక్కన తెలుగులో రాసిచ్చింది.