ఐదుగురు ఎక్కిన కొండ, రెండు వేల మంది దిగిన ఏరు

అమ్మకు మోకాళ్ళు బాగున్నప్పుడే ఒంగోలు ప్రార్థన కొండ ఎక్కించాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఈ సంక్రాంతి సెలవుల్లో కుదిరింది. మా అమ్మమ్మ వాళ్ళది గుండ్లకమ్మ పక్క పల్లె. ఆ ఇంటి ప్రార్థనల్లో ఈ కొండ పేరు, ఆ ఏటి పేరు వింటూ పెరిగాం గానీ, రెండింటినీ ఒకే ప్రయాణంలో చూసింది లేదు.

ఈ కొండ కథ మొదలైంది నెల్లూరులోనే. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1836లో ఈ దేశానికి వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. ఆ ఏడే పెన్నలో తొలి బాప్తిస్మం జరిగింది. తర్వాత చాలా ఏళ్ళు పెద్దగా ఎవరూ చేరలేదు. ఈ ఒక్క మిషన్ కేంద్రం కోసం ఇంత ఖర్చెందుకు, మూసేద్దామని 1853లో అమెరికాలో పెద్దలు చర్చించారు. పటం మీద ఒంటరిగా కనిపించే ఆ చుక్కనే ‘ఒంటరి నక్షత్రం’ అన్నారు. దాని మీద శామ్యూల్ స్మిత్ అనే కవి రాసిన పద్యంతో మనసులు మారాయి, మిషన్ నిలిచింది. పెన్న వంతెన మీదుగా వెళ్తూ అమ్మకు ఇదంతా చెప్పాను.

నెల్లూరు నుంచి పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో సాయంత్రానికి ఒంగోలు చేరాం. రైలు విషయంలో ఏ ఇబ్బందీ లేదు, ముందే సీటు చేయించుకోండి. ఇబ్బందంతా లాడ్జిలోనే. ఫోన్‌లో లిఫ్ట్ ఉందన్నారు, తీరా వెళ్తే అది పని చేయడం లేదు. మూడో అంతస్తు వరకు అమ్మ మెట్లెక్కలేదని గట్టిగా అడిగితే కింద గది ఇచ్చారు, అదనంగా 200 తీసుకుని. వేడి నీళ్ళు ఉదయం ఆరు తర్వాతేనట. కొండకు వెళ్ళేవాళ్ళు నాలుగున్నరకే లేవాలి కాబట్టి ఈ రెండూ డబ్బు కట్టకముందే అడగండి. పెద్దవాళ్ళు వెంట ఉంటే మరీ ముఖ్యం.

కొండ చిన్నదే. చీకట్లో టార్చి వేసుకుని ఆగి ఆగి ఎక్కాం, అమ్మకు అరగంట పట్టింది. 1854 జనవరి 1న తెల్లవారకముందే ఇక్కడికి వచ్చినవాళ్ళు ఐదుగురు. నెల్లూరు మిషనరీ లైమన్ జెవెట్ దొర, ఆయన భార్య యుఫీమియా, ఇంకా నర్సు, జూలియా, రూతు అనే ముగ్గురు తెలుగువాళ్ళు. దొరల పేర్లు అందరూ చెప్తారు. ఆ ముగ్గురి పేర్లు కూడా అంతే గట్టిగా చెప్పాలి. వాళ్ళూ చలిలో మోకరించారు, వాళ్ళూ ఈ ఊరి కోసమే ప్రార్థించారు. కింద బొమ్మజెముడు కమ్మేసిన మెరక చూపించి, మిషన్ బంగళాకు ఆ జాగా బాగుంటుంది కదా అని జెవెట్ జూలియాను అడిగాడట. ఇప్పుడు కొండ చుట్టూ ఇళ్ళే. అమ్మ తూర్పుకు తిరిగి కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు.

కొండ దిగి ఇడ్లీ తిని, జెవెట్ పేరు మీదున్న బాప్టిస్టు చర్చికి వెళ్ళాం. ఆదివారం కాదు గనక నెమ్మదిగా కూర్చోగలిగాం. కొండ మీద ప్రార్థించిన పన్నెండేళ్ళకు, 1866లో, జాన్ క్లౌ అనే మిషనరీ దొర నెల్లూరు నుంచి ఒంగోలు వచ్చాడు. 1867 జనవరి 1న సంఘం ఏర్పడింది, సభ్యులు ఎనిమిది మంది. దాన్ని పల్లెపల్లెకూ మోసుకెళ్ళింది మాత్రం తాళ్ళకొండపాడు యర్రగుంట్ల పేరయ్య, ఆయనలాంటి మాదిగ పెద్దలు. చర్చి చరిత్ర అంటే ముందు గుర్తుకు రావాల్సింది వాళ్ళేనని నా నమ్మకం.

అక్కడి నుంచి మద్దిపాడు వైపు, గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లి. రానుపోను ఆటో 700కు మాట్లాడుకున్నాం. “ఏట్లో ఎంతసేపైనా కూర్చో పెద్దమ్మా, నేనీడే ఉంటా” అన్నాడు డ్రైవరు. రెండు గంటలు ఆగి, రూపాయి కూడా ఎక్కువ అడగలేదు. ఈ ప్రయాణంలో నాకు బాగా నచ్చిన సర్వీసు ఇదే.

1876-78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో దాదాపు మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు తీసుకున్నాడు. ఇండియాకు రాకముందు సర్వేయరు పని చేసినవాడు కనుక కొలతలు తెలుసు. బోధకులనే మేస్త్రీలుగా పెట్టి ఆకలితో వచ్చినవాళ్ళకు పని ఇచ్చాడు. తిండి కోసం చేరుతున్నారన్న మాట రాకూడదని 15 నెలలు బాప్తిస్మాలే ఆపేశాడు. సాయం ఆగాక కూడా జనం తగ్గలేదు. 1878 జులై 2న ఈ ఏట్లో బాప్తిస్మం తీసుకున్నవాళ్ళు 614 మంది, మర్నాడు 2,222 మంది, ఆ మర్నాడు 700 మంది, మూడు రోజుల్లో 3,536. నీళ్ళలో నిలబడి ఇచ్చింది క్లౌ కాదు, ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరు దిగితే మిగతావాళ్ళు ఒడ్డున సేదతీరి, వంతులవారీగా మారారు. ఆ ఏడాది చివరికి ఒంగోలు సంఘంలో 12,000 మందికి పైగా ఉన్నారు.

మేం వెళ్ళినప్పుడు నీళ్ళు మోకాలి లోతు కూడా లేవు. నీడ లేదు, గొడుగు, మంచినీళ్ళు తప్పకుండా తీసుకెళ్ళండి. పెద్దవాళ్ళను ఇసుకలో ఎక్కువ నడిపించొద్దు, ఆటోను వీలైనంత దగ్గరికి తీసుకెళ్ళమనండి.

అమ్మ చెప్పులు విడిచి నీళ్ళలోకి దిగింది. “ఆ కొండ మీది ముగ్గురి పేర్లు మళ్ళీ చెప్పరా” అంది. చెప్పాను. నర్సు, జూలియా, రూతు. తనూ ఒక్కొక్కటే పలికి, మా అమ్మమ్మ పేరు కూడా చేర్చింది.