గర్భసంచి ఆపరేషన్ తర్వాత చూపించుకున్న విశాఖ మహారాణిపేట క్లినిక్ (5కి 4)

గర్భసంచిలో గడ్డలు (ఫైబ్రాయిడ్లు), ఆగని బ్లీడింగ్, దాంతో రక్తం తక్కువ... వేరే ఆసుపత్రిలో గర్భసంచి తీసేశారు. బరువులెత్తకు, ఐరన్ మాత్రలు వేసుకో అని పంపేశారు గానీ భార్యాభర్తల సంగతి ఒక్క ముక్క చెబితే ఒట్టు. నెలలు గడిచినా కలిసినప్పుడు మంట తగ్గకపోతే మా ఆడపడుచు ఈ మహారాణిపేట క్లినిక్‌కి తీసుకెళ్లింది.

డాక్టరు గారు ముందు అడిగింది ఒకటే, "ఓవరీస్ (అండాశయాలు) ఉంచారా, తీసేశారా?" నాకేం తెలుసు! డిశ్చార్జ్ కాగితాలు, బయాప్సీ రిపోర్టు చూసి రెండూ తీసేశారని ఆవిడే చెప్పారు. నా ఒంట్లోంచి ఏం తీశారో ఇంకోచోట ఫీజు కట్టి తెలుసుకోవాల్సి వచ్చింది. ఓవరీస్ ఉంచితే హార్మోన్లు వస్తూనే ఉంటాయట, మెనోపాజ్ మాత్రం కాస్త ముందుగా రావచ్చు. నెలసరి ఇంకా వస్తున్న వయసులో రెండూ తీసేస్తే మాత్రం అది ఒక్కసారిగా మీద పడుతుంది, ఒంట్లో ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, లోపల పొడిబారి మంట, కోరిక తగ్గడం. మా ఇంట్లో అందరూ టెన్షన్ అని తేల్చేసింది ఇదన్నమాట.

తర్వాత మా ఆయన్ని కూడా పిలిచి కాగితం మీద బొమ్మ గీశారు. గర్భసంచితో పాటు దాని ముఖద్వారం కూడా తీస్తే యోని పైభాగాన్ని కుట్టి మూసేస్తారు, అంతేగానీ లోపల గుంతేమీ మిగలదు. సుఖం తెలిసే క్లిటోరిస్ జోలికి ఈ ఆపరేషన్‌లో పోరు. భావప్రాప్తిలో గర్భసంచి ముడుచుకోవడం తెలిసినవాళ్లకి కొంత తేడా ఉండొచ్చు గానీ, నొప్పీ బ్లీడింగూ పోయి ముందుకంటే బాగుందనే వాళ్లే చాలామంది అన్నారు. కొత్తగా ఆపరేషన్ అయినవాళ్లు కనీసం ఆరు వారాలు, అదీ లోపలి కుట్లు మానాయని డాక్టరు చూసి చెప్పేదాకా దూరంగా ఉండాలి. కలిశాక రక్తం కనిపిస్తే ఆలస్యం చేయకుండా రావాలి.

నాకు లోపల రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీము, కలిసేటప్పుడు వాడే జెల్ రాశారు. రొమ్ము క్యాన్సర్ ఏమైనా వచ్చిందా అని అడిగాకే రాశారు, అది నచ్చింది. కటి కండరాలు బిగించి వదిలే వ్యాయామం నర్సమ్మ ఓపిగ్గా నేర్పింది. మంట బాగా తగ్గింది. కోరిక ఇంకా పూర్తిగా రాలేదు, దానికి టైం పడుతుందని ముందే చెప్పారు.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే మన ఆంధ్రప్రదేశ్‌లో 8.9. ఇంతమంది ఉన్న చోట ఈ మాటలు చెప్పే డాక్టరు కోసం వెతుక్కోవాలా?

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, రిసెప్షన్‌లో అమ్మాయి హాలంతా వినబడేలా "మీ ప్రాబ్లం ఏంటండీ" అని అడుగుతుంది. "లోపల చెబుతాను" అనండి, ఊరుకుంటుంది. క్రీము వాళ్ల మందుల షాపులో లేదు, డాబా గార్డెన్స్ దాకా వెళ్లి తెచ్చుకున్నాం. వెళ్లేటప్పుడు ఆపరేషన్ కాగితాలన్నీ పట్టుకెళ్లండి, మీ ఆయన రానంటే మొదటిసారి ఒక్కరే వెళ్లినా ఏమీ అనరు.