డైరెక్టర్ల జీతాల రిపోర్టు: గుంటూరులో ఒక ఆడిట్ ఆఫీసు సర్వీసుపై సమీక్ష

బ్రాడీపేటలోని ఈ ఆఫీసు మిర్చి కోల్డ్ స్టోరేజీలకు, జిన్నింగ్ మిల్లులకు డైరెక్టర్ల జీతాలపై రిపోర్టు తయారుచేసి ఇస్తుంది. ఇంటివాళ్లే డైరెక్టర్లుగా ఉన్న ప్రైవేట్ కంపెనీలు ఏప్రిల్‌లోనే తీసుకుంటే డబ్బుకు తగ్గ సర్వీసు. సెప్టెంబరులో ఆడిట్ ముందు పరుగెత్తుకెళ్తే సగం విలువే దక్కుతుంది.

ఇందులో బలమైన భాగం బంధువుల జాబితా. డైరెక్టర్లకు, వాళ్ల బంధువులకు కంపెనీ ఇచ్చే సొమ్ము మరీ ఎక్కువైతే ఆ ఎక్కువ భాగాన్ని ఖర్చుగా ఒప్పుకోనిది 1961 ఆదాయపు పన్ను చట్టం 40ఏ(2) సెక్షన్. దాని ప్రకారం బంధువులంటే భార్య, భర్త, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, నేరుగా పై తరాలవారు, కింది తరాలవారు. బావమరిది ఇందులో లేడు కదా అని చాలామంది వదిలేస్తారు. భార్య కూడా డైరెక్టరైతే ఆమె తమ్ముడిగా అతనూ లెక్కలోకి వస్తాడు. కూతురు డైరెక్టరైతే అల్లుడి సంగతీ అంతే. రిపోర్టు ప్రతి డైరెక్టరు వైపు నుంచీ విడిగా చూసింది. పన్ను ఆడిట్‌తో ఇచ్చే 3సీడీ ఫారంలో ఇలాంటి చెల్లింపులు చూపే 23వ క్లాజు నింపడానికి ఇది నేరుగా పనికొస్తుంది.

జీతాల పోలిక మాత్రం బలహీనం. హైదరాబాదు లిస్టెడ్ కంపెనీల అధికారుల జీతాలు తెచ్చి పెట్టారు. చట్టం అడిగేది ఆ పనికి మార్కెట్లో ఇచ్చే ధర, వ్యాపార అవసరం, కంపెనీకి కలిగిన లాభం. అదే సైజు కోల్డ్ స్టోరేజీలో బయటి మేనేజరుకు ఎంత ఇస్తారన్నదే ఇక్కడ అసలు కొలత. దాని పక్కన బ్యాంకు లోనుకు వ్యక్తిగత గ్యారంటీ, సీజన్‌లో చేసే పని, చదువు, అనుభవం కాగితం మీద ఉండాలి.

పోలిక నిలవకపోతే నష్టమెంత? ₹30 లక్షల జీతంలో ₹12 లక్షలు ఎక్కువని పన్ను అధికారి తేల్చారనుకోండి. ఆ ₹12 లక్షలే ఖర్చుగా ఒప్పుకోరు, మొత్తం జీతం కాదు. తక్కువ పన్ను రేటు ఇచ్చే 115బీఏఏ సెక్షన్ ఎంచుకున్న కంపెనీకి 25.168 శాతం చొప్పున ₹3,02,016 అదనపు పన్ను పడుతుంది. డైరెక్టరు అదే సొమ్ముపై అప్పటికే కట్టిన పన్ను వెనక్కి రాదు. పన్ను ఎగవేత ఉద్దేశం లేని సక్రమ చెల్లింపులపై పన్ను శాఖ 1968 నాటి 6-పి సర్క్యులర్ ఊరటనిస్తుంది. రిపోర్టులో దాని ఊసే లేదు. పెద్ద లోటు ఇదే.

వాటాదారు డైరెక్టర్లకిచ్చే కమీషన్ డివిడెండ్‌కు బదులుగా ఇచ్చినదైతే అదే చట్టం 36(1)(2) సెక్షన్ కింద ఖర్చుగా ఒప్పుకోరు. దీన్నీ వదిలేశారు.

భాగస్వామ్య సంస్థలకు ఈ రిపోర్టు కంటే 40(బి) లెక్క, అంటే భాగస్వాముల జీతాల్లో ఎంతవరకు ఖర్చుగా ఒప్పుకుంటారన్న లెక్క, ముందు కావాలి. 2024-25 ఆర్థిక సంవత్సరం నుంచి బుక్ ప్రాఫిట్ (ఆ జీతాలు తీసేయకముందు లాభం) ₹10 లక్షలైతే మొదటి ఆరు లక్షలకు 90 శాతం, మిగతాదానికి 60 శాతం, అంటే పరిమితి ₹7.8 లక్షలు. భాగస్వామ్య ఒప్పంద పత్రం (డీడ్)లో రాయకపోతే అదీ దక్కదు.

2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు వేరు, రిపోర్టులో పాతవి, కొత్తవి రెండూ వేయించుకోండి. బోర్డు తీర్మానానికి పాత తేదీ వేయమంటే ఈ ఆఫీసు ఒప్పుకోదు, ఆ విషయంలో వాళ్లను నమ్మవచ్చు.